గిటార్ అలవాటున్న చేత్తో బరోక్ ల్యూట్: ఎడమచేతి వేళ్లు ఎక్కడ పెట్టాలి, ఎప్పుడు తీయాలి

క్లాసికల్ గిటార్ నేర్చుకునేవాళ్లు జర్మన్ స్వరకర్త బాఖ్ ల్యూట్ సూట్ల దాకా (ల్యూట్ అంటే గుండ్రటి వీపున్న పాత యూరప్ తీగవాద్యం), ఆయన కాలపు ల్యూట్ స్వరకర్త వైస్ రచనల దాకా రాగానే అడిగే ప్రశ్న ఒకటుంది. “ఇవి ల్యూట్ కోసం రాసినవి కదా, దాని మీద కూడా ఎడమచేతి పొజిషన్లు ఇవేనా? గిటార్ ఫింగరింగ్‌నే తీసుకెళ్లి వాయించొచ్చా?”

కుదరదు. గిటార్ మీద ప్రతి స్వరాన్నీ, బేస్‌తో (మంద్ర స్వరాలతో) సహా, చాలాసార్లు ఎడమచెయ్యే పట్టుకోవాలి. బరోక్ ల్యూట్‌లో బేస్ ఎక్కువగా ఓపెన్ (వేలితో నొక్కని) తీగల మీదే మోగుతుంది. కాబట్టి ఎడమచేతికి మిగిలే అసలు పని, పైన పట్టుకున్న స్వరాలను తొందరపడి వదలకుండా ఉండటం. వీణ తెలిసినవాళ్లకు ఇది వెంటనే తడుతుంది: తాళం తీగలను ఎడమచెయ్యి ముట్టుకోదు కదా, ఇక్కడ కింది బేస్ తీగలూ దాదాపు అంతే.

ల్యూట్ అనగానే గిటార్ 3వ తీగను ఎఫ్ షార్ప్‌కు దించి 3వ ఫ్రెట్‌లో కేపో (తీగలన్నిటినీ ఒక ఫ్రెట్ దగ్గర నొక్కి ఉంచే బిగింపు) పెట్టడం గుర్తొస్తే, అది అంతకుముందు కాలపు రెనైసాన్స్ ల్యూట్ సంగతి. దాని వేళ్ల పట్టులు గిటార్‌కు చాలా దగ్గర. ఇక్కడ చెప్పేది 17వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లో స్థిరపడిన డి మైనర్ ట్యూనింగ్ ల్యూట్ గురించి. మొదట 11 కోర్సులతో ఉండేది, 1720 ప్రాంతంలో 13 కోర్సులకు పెరిగింది. కోర్సు అంటే కలిపి మీటే తీగల జత. పై రెండు మాత్రం సాధారణంగా ఒంటి తీగలే, అయినా వాటినీ కోర్సులనే అంటారు.

ఏమేం కావాలి

- 11 లేదా 13 కోర్సుల బరోక్ ల్యూట్. లేకపోతే నైలాన్ తీగల గిటార్ చాలు. మన ఊళ్లలో ల్యూట్ చేతికి రావడం కష్టమే కాబట్టి, గిటార్ మీదే ఇదంతా ఎలా ప్రయత్నించాలో 2వ మెట్టులో రాశాను.
- ఫ్రెంచ్ ట్యాబ్లచర్‌లో (ఏ తీగ మీద ఏ ఫ్రెట్ నొక్కాలో అక్షరాలతో చూపే రాత) ఉన్న ఒక చిన్న రచన. డి మైనర్‌లోనో, ఎఫ్ మేజర్‌లోనో ఉన్న మినుయెట్ (ఒక పాత నాట్య రచన) అయితే మంచిది. గిటార్ కోసం స్టాఫ్ నొటేషన్‌లోకి మార్చిన ప్రతి వద్దు. ఏ స్వరం ఏ తీగ మీద అన్న సమాచారం అందులో పోతుంది, మనకు కావలసింది అదే.
- ట్యూనర్. ల్యూట్‌కైతే ఎ స్వరాన్ని 415 హెర్ట్జ్‌కు పెట్టుకోవడం మామూలు.
- ఫుట్‌స్టూల్ లేదా స్ట్రాప్, ఒడిలో పరుచుకోవడానికి జారని గుడ్డ.
- పెన్సిల్, రికార్డింగ్‌కు ఫోన్.
- ఎడమచేతి గోళ్లు పూర్తిగా కత్తిరించి ఉండాలి. గిటార్‌కు సరిపోయిన గోరు ఇక్కడ జత తీగల మధ్య ఇరుక్కుంటుంది.

1. ముందు వాద్యం కదలకుండా కూర్చోండి

ల్యూట్ వీపు గుండ్రం. ఒళ్లో పెట్టుకుంటే జారుతుంది, నెక్ కిందికి వాలుతుంది. వాలిన నెక్‌ను ఎడమచెయ్యి మోయడం మొదలుపెట్టిందంటే ఆ తర్వాత చెప్పే ఏ ఫింగరింగ్ పనిచేయదు. ఎడమచెయ్యి పూర్తిగా తీసేసి, కుడి ముంజేతి బరువుతోనే వాద్యం నిలుస్తుందో లేదో చూడండి. నిలవకపోతే స్ట్రాప్ కట్టండి, గుడ్డ మార్చండి, కుర్చీ ఎత్తు మార్చండి. ఇది తేలకుండా ముందుకు వెళ్లొద్దు.

2. తీగల మ్యాప్ బుర్రలో వేసుకోండి

పై నుంచి మొదటి ఆరు కోర్సులు: ఎఫ్, డి, ఎ, ఎఫ్, డి, ఎ. అన్నీ ఓపెన్‌గా మీటితే డి మైనర్ కార్డ్ (కలిసి మోగే స్వరాల గుంపు) వస్తుంది. 7 నుంచి కిందికి బేస్ కోర్సులు స్కేల్ వరసలో దిగుతాయి: జి, ఎఫ్, ఇ, డి, సి. 13 కోర్సుల వాద్యమైతే ఆ కింద బి, ఎ. ఈ బేస్‌లను రచన ఏ కీలో ఉంటే ఆ కీకి ట్యూన్ చేస్తారు. జి మైనర్ అయితే 9వ కోర్సును ఇ ఫ్లాట్‌కు, 12వ దాన్ని బి ఫ్లాట్‌కు దించాలి. ఇది మర్చిపోయి “రచనలో తప్పుంది” అనుకునేవాళ్లు చాలామంది.

గిటార్‌లో ఒక తీగను దాని పక్క తీగతో సరిపోల్చడానికి 2వ తీగ నుంచి కిందికి వరసగా 5, 4, 5, 5, 5 ఫ్రెట్లు నొక్కుతాం. ఇక్కడ ఆ వరస 3, 5, 4, 3, 5. అంటే 2వ కోర్సు 3వ ఫ్రెట్, ఓపెన్ 1వ కోర్సుతో సమానం, 3వ కోర్సు 5వ ఫ్రెట్, ఓపెన్ 2తో సమానం, అలా. ఈ ఐదంకెలు కంఠతా వస్తే గిటార్ షేపులు ఎందుకు పనికిరావో ఎవరూ చెప్పక్కర్లేదు.

గిటార్ మాత్రమే ఉన్నవాళ్లు ఇలా చేయండి: 1వ తీగను డి‌కి దించండి. 2వ తీగ బి అలాగే ఉంచండి. 3వ దాన్ని ఎఫ్ షార్ప్‌కు దించండి. 4వ తీగ డి అలాగే. 5వ దాన్ని ఎ నుంచి బి‌కి, 6వ దాన్ని ఇ నుంచి ఎఫ్ షార్ప్‌కు ఎక్కించండి. తీగల మధ్య దూరాలు సరిగ్గా బరోక్ ల్యూట్‌వే, కాకపోతే మూడు అర్ధస్వరాలు కింద ఉంటాయి. 3వ ఫ్రెట్‌లో కేపో పెడితే శ్రుతి కూడా డి మైనర్‌కే వస్తుంది.

జాగ్రత్త: 5, 6 తీగలను రెండు అర్ధస్వరాలు ఎక్కించడమంటే వాటి మీద బిగువు నాలుగో వంతుకు పైగా పెరగడం. పాత తీగలతో చేయొద్దు. అనుమానంగా ఉంటే మొత్తం ట్యూనింగ్‌ను ఇంకో అర్ధస్వరం దించుకోండి. అప్పుడు పై నుంచి సి షార్ప్, ఎ షార్ప్, ఎఫ్, సి షార్ప్, ఎ షార్ప్, ఎఫ్ అవుతాయి, కింది రెండు తీగలూ ఒక్కో అర్ధస్వరమే ఎక్కుతాయి. 7వ కోర్సు నుంచి ఉన్న బేస్‌లు గిటార్‌లో లేవు కాబట్టి వాటి చోట ప్రస్తుతానికి ఖాళీ వదిలేయండి. ఎడమచేతి పాఠానికి లోటేమీ ఉండదు.

3. అక్షరాలు చదవడం

ఫ్రెంచ్ ట్యాబ్లచర్‌లో ఆరు గీతలు, ఆరు కోర్సులు. పై గీతే 1వ కోర్సు. అంకెలకు బదులు అక్షరాలుంటాయి: ‘ఎ’ అంటే ఓపెన్, ‘బి’ 1వ ఫ్రెట్, ‘సి’ 2వ ఫ్రెట్, అలా పైకి. ‘జె’ ఉండదు, ‘ఐ’ 8వ ఫ్రెట్, దాని తర్వాత ‘కె’ 9వ ఫ్రెట్. పాత చేతిరాతలో ‘సి’ చాలాసార్లు ‘ఆర్’ లాగా కనబడుతుంది, కంగారు పడొద్దు. గీతల కింద ఉన్న ‘ఎ’ 7వ కోర్సు, ముందు ఒక అడ్డగీత ఉంటే 8, రెండుంటే 9, మూడుంటే 10. ఆ కింద 4, 5, 6 అంకెలు 11, 12, 13 కోర్సులకు గుర్తులు. స్వరాల పేర్లతో తికమక రాకుండా ఇకపై ఫ్రెట్ నంబర్లే చెబుతాను.

అక్షరాల కింద చుక్కలు కనబడితే అవి ఎడమచేతివి కావు. ఒక చుక్క కుడిచేతి చూపుడు వేలు, రెండు చుక్కలు మధ్య వేలు, నిలువు గీత బొటనవేలు. ఎడమచేతి వేళ్లకు కొన్ని పాత ప్రతుల్లో 1 నుంచి 4 దాకా అంకెలుంటాయి, గిటార్‌లో లాగే చూపుడు వేలు 1, చిటికెన వేలు 4. కానీ ఎక్కువ రచనల్లో అసలేమీ ఉండదు. మీరే నిర్ణయించుకోవాలి, అందుకే పెన్సిల్ కావాలన్నాను.

4. బొటనవేలు

నెక్ వెనక, 1, 2 వేళ్లకు ఎదురుగా ఉంచండి. నెక్ వెడల్పు గిటార్ కంటే చాలా ఎక్కువ, కాబట్టి బొటనవేలు అంచు మీదుగా పైకి తొంగిచూసే అలవాటు ఉంటే మానుకోండి. అరచెయ్యి నెక్ కింది అంచుకు తగలకూడదు. అలాగని గిటార్ పుస్తకంలో చెప్పినంత పట్టుదలగా నాలుగు వేళ్లనూ ఫ్రెట్లకు సమాంతరంగా నిలబెట్టక్కర్లేదు. ఎడమచేతి పని చాలావరకు పై ఆరు కోర్సుల్లోనే, అందులోనూ పై మూడింటి మీదే ఎక్కువ.

5. జతను నొక్కడం

3వ కోర్సు మీద 2వ ఫ్రెట్ నొక్కండి. వేలికొస పూర్తిగా నిటారుగా కాకుండా, కాస్త కండ ఉన్న భాగంతో, రెండు తీగల నడిమధ్య, ఫ్రెట్‌కు ఆనుకుని వెనక. ఫ్రెట్లు ఇక్కడ నెక్‌కు చుట్టి కట్టిన పేగు తీగలు, లోహపు కమ్మీలు కావు. ఫ్రెట్ నుంచి వెనక్కి జరిగితే బజ్ వస్తుంది, ఫ్రెట్ మీదికెక్కితే స్వరం మూగబోతుంది.

బలం ఎంత? గిటార్‌కు పెట్టేదానిలో సగంతో మొదలుపెట్టండి. తీగల బిగువు గిటార్ కంటే బాగా తక్కువ. గట్టిగా నొక్కితే శ్రుతి పైకి పోతుంది. 6వ కోర్సులో ఒక తీగ లావు, పక్కది దానికి అష్టమ స్థాయిలో సన్నం. నొక్కు ఎక్కువైతే ముందు తప్పేది ఆ సన్న తీగే.

పరీక్ష: ఆ 3వ కోర్సు జతలోని రెండు తీగలను విడివిడిగా మీటండి. రెండూ శుభ్రంగా, ఒకే శ్రుతిలో మోగాలి. ఓపెన్‌గా కలిసినవి నొక్కినప్పుడు విడిపోతున్నాయంటే వేలు తీగలను పక్కకు తోస్తోందన్నమాట. అప్పుడు ట్యూనింగ్ పిన్ ముట్టుకోకండి, వేలు సరిచేసుకోండి.

6. ఒక స్కేల్, రెండు చేతులు

ఎఫ్ మేజర్ స్వరాలను 6వ కోర్సు నుంచి పైకి వాయించండి. 6వ కోర్సు: 0, 1, 3. 5వది: 0, 2. 4వది: 0, 2. 3వది: 0, 1, 3. 2వది: 0, 2. 1వది: 0, 2, 4, 5.

1వ కోర్సు దాకా వేళ్లు 3వ ఫ్రెట్ దాటలేదు. చాలా కోర్సుల మీద రెండే స్వరాలు, అందులో ఒకటి ఓపెన్. గిటార్‌లో ఒక పొజిషన్‌లో తీగకు మూడు స్వరాల చొప్పున అల్లుకుపోయే అలవాటు ఇక్కడ పనికిరాదు. వేళ్లు 1వ ఫ్రెట్‌కు 1, 2వ దానికి 2, 3వ దానికి 3 లేదా 4. చెయ్యి చిన్నదైతే 3వ ఫ్రెట్‌కు 4వ వేలే వాడండి, మొహమాటం అక్కర్లేదు. 70 సెంటీమీటర్ల ల్యూట్‌లో 1వ ఫ్రెట్ నుంచి 4వ ఫ్రెట్‌కు దూరం 10.5 సెంటీమీటర్లు, 65 సెంటీమీటర్ల గిటార్‌లో 9.8. ఏడెనిమిది మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది, పది నిమిషాల తర్వాత మణికట్టు సంగతి చెబుతుంది. ఫ్రెట్‌కొక వేలు అనే గిటార్ సూత్రాన్ని కింది ఫ్రెట్లలో బలవంతంగా అమలు చేయొద్దు. గిటార్ మీద ప్రయత్నిస్తున్నవాళ్లు కేపో తీసేసి వాయించండి, కేపో ఉంటే ఫ్రెట్లు దగ్గరై అసలు దూరం తెలియదు.

ఇప్పుడు పై నుంచి జి, ఎఫ్, ఇ, డి స్వరాలు దిగండి. ల్యూట్ మీద 1వ కోర్సు 2, 0. తర్వాత 2వ కోర్సు 2, 0. రెండు వేళ్ల పని, రెండు జంటలూ పుల్-ఆఫ్‌తో (నొక్కిన ఎడమచేతి వేలితోనే తీగను లాగి వదలడంతో) వచ్చేస్తాయి. మామూలు ట్యూనింగ్ గిటార్‌లో అవే స్వరాలు 1వ తీగ 3, 1, 0, తర్వాత 2వ తీగ 3. అక్కడ మూడు స్వరాలు ఒక తీగ మీద పడ్డాయి కాబట్టి ఒకటి మోగుతుండగా ఇంకొకటి కలవదు. ల్యూట్‌లో ఎఫ్ మోగుతుండగానే ఇ మొదలవుతుంది. ఈ సంగీతానికి ఆ వాసన వచ్చేది ఇలాంటి చోట్లే.

7. కార్డులు: బ్యారేనా, విడివేళ్లా?

బ్యారే అంటే ఒకే వేలిని పడుకోబెట్టి ఒక ఫ్రెట్‌లో చాలా తీగలను కలిపి నొక్కడం. ఎక్కువమంది తడబడేది ఇక్కడే కాబట్టి కాస్త ఆగుదాం. ఈ నాలుగు పట్టులు ముందు చేతికి అలవాటు చేయండి.

- బి ఫ్లాట్ మేజర్: 6వ కోర్సు 1వ ఫ్రెట్‌లో 1వ వేలు, 3వ కోర్సు 1వ ఫ్రెట్‌లో 2వ వేలు. మిగతావి ఓపెన్.
- జి మైనర్: 3వ కోర్సు 1వ ఫ్రెట్‌లో 1వ వేలు, 4వ కోర్సు 2వ ఫ్రెట్‌లో 2, 1వ కోర్సు 2వ ఫ్రెట్‌లో 3. 2వ కోర్సు ఓపెన్. బేస్ 7వ కోర్సు.
- ఎ మేజర్: 2వ కోర్సు 2వ ఫ్రెట్‌లో 1వ వేలు, 3వ కోర్సు 4వ ఫ్రెట్‌లో 3, 1వ కోర్సు 4వ ఫ్రెట్‌లో 4. బేస్ 6వ కోర్సు ఓపెన్.
- సి మేజర్: 2వ ఫ్రెట్‌లో 1వ వేలితో బ్యారే, 3వ కోర్సు 3వ ఫ్రెట్‌లో 2వ వేలు. బేస్ 11వ కోర్సు.

బి ఫ్లాట్ పట్టులో ఒకే ఫ్రెట్‌లో రెండు స్వరాలున్నా బ్యారే వేయలేదు గమనించారా? వేస్తే మధ్యలో, పైన ఉన్న ఓపెన్ తీగలన్నీ పోతాయి. గిటార్ చెయ్యి ఒకే ఫ్రెట్‌లో రెండు అక్షరాలు కనబడగానే బ్యారేకు పరుగెడుతుంది. దాన్ని ఆపండి.

సి మేజర్‌కు బ్యారే సరైనదే, కానీ ఎల్లప్పుడూ కాదు. నిర్ణయించేది ఈ కార్డ్ కాదు, తర్వాత వచ్చే స్వరం. పై స్వరం జి నుంచి ఓపెన్ ఎఫ్‌కు దిగుతోందనుకోండి. నిండు బ్యారే వేసి ఉంటే దాన్ని ఎత్తాలి, ఎత్తగానే కింద ఉన్న ఇ కూడా పోతుంది. దానికి రెండు దారులున్నాయి.

మొదటిది విడివేళ్లు: 2వ కోర్సు 2వ ఫ్రెట్‌లో 1, 1వ కోర్సు 2వ ఫ్రెట్‌లో 2, 3వ కోర్సు 3వ ఫ్రెట్‌లో 3. 2వ వేలు ఒక్కటి తీస్తే ఎఫ్ మోగుతుంది, మిగతా రెండూ నిలుస్తాయి.

రెండోది మడత బ్యారే: 1వ వేలి కొస 2వ కోర్సు మీద, అదే వేలి మొదలు 1వ కోర్సు మీద. ఎఫ్ రావాల్సినప్పుడు వేలి మొదలు మాత్రం కాస్త ఎత్తండి, కొస కదలకూడదు. మొదట్లో మొండికేస్తుంది. అలవాటైతే మాత్రం విడివేళ్ల కంటే ఇదే హాయి, ఎందుకంటే 3, 4 వేళ్లు ఖాళీగా దొరుకుతాయి.

బ్యారే అవసరమైనా ఎన్ని కోర్సుల మీద కావాలో లెక్కపెట్టుకోండి. రెండు చాలితే రెండే. ఆరు కోర్సుల మీద, అంటే పది తీగల మీద, నిండు బ్యారే పట్టుకుని ఒక పేజీ వాయించగలిగేవాళ్లు అరుదు. అంత అవసరం కూడా ఈ రచనల్లో అరుదే.

8. వదలకపోవడం

జి మైనర్ పట్టు వేయండి. పై స్వరాలు అలాగే పట్టుకుని, కుడి బొటనవేలితో 7, 8, 9, 10 కోర్సులు వరసగా మీటండి: జి, ఎఫ్, ఇ ఫ్లాట్, డి. ఎడమచెయ్యి ఏమీ చేయలేదు. అదే మామూలు గిటార్‌లో చేసి చూడండి. 3వ ఫ్రెట్ బ్యారేతో జి మైనర్ పట్టుకున్నాక బేస్ ఎఫ్ కావాలంటే 6వ తీగ 1వ ఫ్రెట్‌కు రావాలి, పై కార్డ్ వదలాలి. ఆ తర్వాతి ఇ ఫ్లాట్ అసలు వాద్యంలోనే లేదు, ఇ తీగను దించితే తప్ప.

బేస్ కదిలిన ప్రతిసారీ చెయ్యి కదలడం గిటార్ వల్ల పట్టిన అలవాటు. ల్యూట్‌కు మారాక కూడా చేతులు ఊరికే ఉండలేక లేస్తుంటాయి. కాబట్టి సూత్రం ఒకటి పెట్టుకోండి: ఆ వేలితో వేరే పని పడితేనో, ఆ కోర్సు ఓపెన్‌గా మోగాల్సి వస్తేనో, హార్మనీ (కలిసి మోగే స్వరాల పొందిక) మారి పాత స్వరం కీచుమంటేనో తప్ప వేలు ఎత్తకూడదు. ఇది కొత్తగా కనిపెట్టింది కాదు. ల్యూట్ వాద్యకారుడు జాన్ బాతిస్త్ బెసార్ పాఠాలు 1610లో లండన్‌లో ఇంగ్లీషులో అచ్చయినప్పుడే ఈ సలహా అందులో ఉంది, అప్పటికి డి మైనర్ ట్యూనింగ్ కూడా రాలేదు.

సాధన ఇలా: మినుయెట్‌లో మొదటి నాలుగు బార్లు తీసుకోండి. ప్రతి అక్షరం దగ్గర నుంచి అది ఎంతదాకా మోగొచ్చో అంతదాకా పెన్సిల్‌తో ఒక గీత లాగండి. ట్యాబ్లచర్ స్వరం ఎప్పుడు మొదలవుతుందో చెబుతుంది, ఎంతసేపు నిలవాలో చెప్పదు. ఆ గీతలు వేయడమే అసలు ఫింగరింగ్ పని. గీత నిలవాలంటే ఏ వేలు ఖాళీగా ఉండాలో దాన్నిబట్టి నంబర్లు వేయండి. ముందు నంబర్లు వేసి తర్వాత గీతలు చూసుకుంటే రెండుసార్లు చెరపాల్సి వస్తుంది.

ఇక మోగుతూ ఉండిపోయే బేస్ తీగలను ఆపాల్సి వస్తే అది కుడి బొటనవేలి పని. ఎడమచేత్తో ఆపడానికి వెళ్లొద్దు.

9. కిందికి చాచడం, పైకి జరగడం

అప్పుడప్పుడు 7, 8 కోర్సుల మీద కూడా అక్షరం వస్తుంది. జి మైనర్‌లో ఎఫ్ షార్ప్ బేస్ కావాలంటే 8వ కోర్సు 1వ ఫ్రెట్ నొక్కాలి. వేలు మాత్రమే చాచితే నొప్పి. బొటనవేలు నెక్ వెనక ఇంకాస్త కిందికి జార్చి, మణికట్టు కొద్దిగా ముందుకు తెచ్చి, మొత్తం చేతిని తీసుకెళ్లండి. అయినా పైస్వరం పోతుంటే ఆ ఎఫ్ షార్ప్‌ను 4వ కోర్సు 1వ ఫ్రెట్‌లో, ఒక స్థాయి పైన, వాయించుకోవచ్చు. నేర్చుకునేటప్పుడు ఇందులో తప్పేమీ లేదు.

పైకి జరగడానికి సూత్రం: ఓపెన్ తీగ మోగుతున్నప్పుడు జరగండి. 6వ మెట్టులోని స్కేల్‌లోనే ఉదాహరణ ఉంది. 1వ కోర్సు ఓపెన్ ఎఫ్ మోగుతుండగా చెయ్యిని ఒక ఫ్రెట్ పైకి జరిపితే 2, 4, 5 ఫ్రెట్లు 1, 3, 4 వేళ్ల కింద పడతాయి. ఇంకా పైన 7, 9 ఫ్రెట్లకు వెళ్లాలంటే మధ్యలో ఓపెన్ స్వరం దొరక్కపోవచ్చు, అప్పుడు ఓపెన్ బేస్ మీటే క్షణాన్ని వాడుకోండి. ఎఫ్‌కు పైన రాగం నడిచేదంతా దాదాపు ఈ ఒక్క కోర్సు మీదే. గిటార్‌లో 5వ, 7వ పొజిషన్లలో అడ్డంగా ఆరు తీగలూ తిరిగినట్టు ఇక్కడ తిరగడం తక్కువ. నెక్ కూడా 9, 10 ఫ్రెట్ల దగ్గరే డొప్పలో కలుస్తుంది, గిటార్‌లా 12 దాకా చోటుండదు.

పుల్-ఆఫ్‌లకు ఒక్క మాట: జత తీగల మీద వేలిని కిందికి గుంజితే రెండూ సమానంగా మోగవు. చిన్న కదలిక చాలు, తీగ దానంతటదే మాట్లాడుతుంది.

గిటార్ మీదే బాఖ్, వైస్ వాయించేవాళ్లకు

ల్యూట్ కొనే ఆలోచన లేకపోయినా పై కసరత్తు వృథా కాదు. సిల్వియస్ లియోపోల్డ్ వైస్ (1687–1750) రచనలు మనకు ట్యాబ్లచర్‌లోనే వచ్చాయి, కాబట్టి ఏ స్వరం ఏ కోర్సు మీదో తెలుస్తుంది. బాఖ్ సంగతి వేరు. ఆయన చేతిరాతలో దొరికిన జి మైనర్ సూట్, బి.డబ్ల్యు.వి. 995 (బాఖ్ రచనల జాబితాలో నంబరు), స్టాఫ్ నొటేషన్‌లో ఉంది. అందులో 13వ కోర్సు కంటే కిందికి పోయే జి కూడా ఉంది. గిటార్‌లో దాన్ని ఎ మైనర్‌కు మార్చి వాయిస్తారు. ఇ ఫ్లాట్‌లో ఉన్న బి.డబ్ల్యు.వి. 998ను 6వ తీగ డి‌కి దించి డి మేజర్‌లో వాయిస్తారు.

మీ గిటార్ ప్రతి తీసుకుని, ల్యూట్‌లో ఓపెన్‌గా మోగే బేస్‌లకు సున్నా చుట్టండి. అవి మీటాక ఎడమచేతికి పనిలేని చోట్లని అర్థం. గిటార్‌లో ఆ బేస్ నొక్కాల్సి వచ్చి పైన కట్టిపెట్టిన స్వరం తెగిపోతుంటే, నా సలహా బేస్‌నే పొట్టిగా చేయండి, లేదా ఒక స్థాయి పైకి తీసుకెళ్లండి. పైన నిలిచి, తర్వాత దిగాల్సిన స్వరాన్ని తెంపడం కంటే అది నయం. చాలా గిటార్ ప్రతులు దీనికి ఉల్టాగా చేస్తాయి, బేస్ పూర్తి నిడివి కాపాడటానికి మధ్య స్వరాలను బలిచేస్తాయి. నాకు అది నచ్చదు.

తరచూ జరిగే తప్పులు

గిటార్ షేపుల పేర్లతో ఆలోచించడం మొదటిది. “ఇది సి షేప్” అనుకోగానే వేళ్లు పాత చోటికి పోతాయి. కార్డ్ పేరు మర్చిపోయి అక్షరం చూడండి.

రెండోది, కష్టమైన చోట ఓపెన్ స్వరాన్ని పక్క కోర్సు మీద నొక్కి వాయించడం. గిటార్‌లో నాదం సమంగా ఉండాలని అలా చేస్తాం. ఇక్కడ 1వ కోర్సు ఓపెన్ ఎఫ్ రాసి ఉంటే దాన్ని 2వ కోర్సు 3వ ఫ్రెట్‌లో వాయించకండి. రాసినవాడు ఓపెన్ కావాలనే రాశాడు.

నెక్ వైపు వంగి చూడటం ఇంకొకటి. వంగితే ల్యూట్ మొహం పైకి తిరుగుతుంది, మణికట్టు వంకరవుతుంది. నొప్పి మొదలైతే ఆ రోజుకు ఆపేయండి. రోజుకు పది పది నిమిషాలుగా రెండు మూడు సార్లు కూర్చోవడం, గంట ఏకబిగిన లాగడం కంటే మేలు.

రెండు వాద్యాలూ వాయించేవాళ్లు ఒకే పూట ఒకదాని వెంట ఇంకోటి పట్టుకోవడం కూడా మొదటి నెలల్లో ఇబ్బందే. ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటి పెట్టుకోండి.

సరిగ్గా వస్తోందో లేదో ఎలా తెలుస్తుంది?

- నొక్కు పరీక్ష: ఒక కార్డ్ పట్టి మీటుతూ, బజ్ వచ్చేదాకా నొక్కు తగ్గించండి. బజ్ వచ్చిన చోటి నుంచి వెంట్రుకవాసి పెంచండి. మీకు కావలసిన బలం అంతే. మామూలుగా మీరు పెట్టేది దీనికి ఎంత ఎక్కువో చూసుకోండి.
- శ్రుతి పరీక్ష: 2వ మెట్టులోని 3, 5, 4, 3, 5 స్వరాలను వాయించే బలంతోనే నొక్కి, పక్క ఓపెన్ కోర్సుతో పోల్చండి. అన్నీ పైకి పోతుంటే నొక్కు ఎక్కువ. ఒక్క ఫ్రెట్ దగ్గరే తేడా ఉంటే ఆ ఫ్రెట్ జరిగి ఉంటుంది. ల్యూట్ ఫ్రెట్లు కట్టినవే కాబట్టి వేలితో కొద్దిగా జరిపి సరిచేయొచ్చు.
- నిలుపు పరీక్ష: నాలుగు బార్లు రికార్డ్ చేయండి. పెన్సిల్ గీతలు ముందు పెట్టుకుని వినండి. గీత ఉన్నంతసేపూ స్వరం వినబడుతోందా? తెగిన ప్రతిచోటా గుర్తు పెట్టండి. గుర్తులన్నీ బేస్ మారే చోట్లే పడుతుంటే చెయ్యి ఇంకా గిటార్ మీదే ఉందన్నమాట. 8వ మెట్టు మళ్లీ చేయండి, సగం వేగంతో.
- భుజం పరీక్ష: రచన మధ్యలో, ఓపెన్ కార్డ్ వచ్చిన చోట ఎడమచెయ్యి పూర్తిగా తీసి ఒళ్లో పెట్టుకోండి. వాద్యం కదలకపోతే సరే. కదిలితే స్ట్రాప్ దగ్గర నుంచి, అంటే 1వ మెట్టు నుంచి, మళ్లీ చూసుకోవాలి.